ఫ్యూడలిజాన్ని కూల్చింది ఫిరంగులేనా?

తుపాకిమందు వచ్చి ప్రభువుల కోటలు కూలడం వల్లే ఐరోపాలో ఫ్యూడలిజం (భూమి, అధికారం స్థానిక ప్రభువుల చేతుల్లో ఉండే వ్యవస్థ) పోయి రాజులు బలపడ్డారా అని అడిగారు. ఫిరంగుల పాత్ర ఉంది, కాదనను. కానీ నన్నడిగితే ముందు చెప్పాల్సింది పన్నుల గురించి. ఫిరంగులు పోత పోయించాలన్నా ఖజానాలో డబ్బుండాలి కదా! ఫ్రాన్స్‌లోని టూర్ నగరంలో ఉద్యోగం చేసే రోజుల్లో సెలవు దొరికితే చాలు, లువార్ లోయలోని కోటలు చూడ్డానికి పోయేవాణ్ణి. అందుకే ఫ్రాన్స్ కథే చెప్తాను.

987లో హ్యూ కాపెట్ రాజయ్యేనాటికి ఆయన మాట గట్టిగా చెల్లింది పారిస్, ఓర్లియాన్ చుట్టుపక్కలే. మిగతా చోట్ల తీర్పు చెప్పేదీ, సైన్యం నడిపేదీ, వసూళ్లు చేసేదీ స్థానిక ప్రభువులే. యుద్ధమొస్తే వాళ్లు తమ మనుషులతో రావాలి, నిజమే. కానీ చాలాచోట్ల ఆనవాయితీ నలభై రోజులే. ముట్టడి సగంలో ఉన్నా, గడువైపోతే ఇంటికి పోవచ్చు.

దీన్ని మార్చింది ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సాగిన నూరేళ్ల యుద్ధం. 1356లో ప్వాతియే దగ్గర రాజు రెండో జాన్ ఇంగ్లిష్ వాళ్లకు బందీగా చిక్కాడు. 1360 ఒప్పందంలో ఆయన విడుదలకు 30 లక్షల బంగారు నాణేలు అడిగారు. ఆ సొమ్ము కోసం వేసిన పన్నులతో జనానికి ఏటా రాజుకు కట్టడం అలవాటైంది. 1439లో ఏడో చార్లెస్ ఇంకో అడుగు వేశాడు: ఇకపై సైన్యాన్ని సమీకరించే హక్కు రాజుదే, ప్రభువులెవరూ సొంతంగా ‘తాయ్’ (జనం మీద నేరుగా వేసే పన్ను) వసూలు చేయకూడదు. మరుసటి ఏడాదే పెద్ద ప్రభువులు తిరగబడ్డారు, వాళ్లతో యువరాజు లూయీ కూడా చేరాడు! చార్లెస్ దాన్ని అణిచేసి, 1445లో శాంతికాలంలోనూ జీతమిచ్చే అశ్వికదళాలను ఏర్పాటు చేశాడు. ఫిరంగుల బాధ్యత జాన్ బ్యూరో, గాస్పార్ బ్యూరో అనే అన్నదమ్ములు చూశారు. 1453లో ఇంగ్లిష్ వాళ్ల మీద కాస్తియోన్ యుద్ధం గెలిపించింది ఆ ఫిరంగులే.

మరి ప్రభువులు మాయమైపోయారా? లేదు. 1348 నాటి ప్లేగుతో జనం కుప్పలుగా చనిపోయారు, కూలీలు దొరకలేదు, ఎస్టేట్ల ఆదాయం పడిపోయింది. దాంతో చిన్న ప్రభువుల కొడుకులకు రాజుగారి జీతం ఆసరా అయింది. పైగా తాయ్ నుంచి ప్రభువర్గానికి మినహాయింపు. కట్టింది రైతులే. పరీక్షల పుస్తకాలు ‘రాజు ప్రభువులను అణిచాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి గానీ, నాకు ఇది రైతు ఖర్చుతో కుదిరిన బేరంలా కనిపిస్తుంది.

అధికారం ఎటు పోయిందో లువార్ లోయలోని అజే-ల-రిదో కోటలో తెలుస్తుంది. 1418లో ఈ చార్లెసే, యువరాజుగా ఉన్నప్పుడు, ఆ ఊరిని తగలబెట్టించాడు. వందేళ్లకు అక్కడ ఇప్పుడు మనం చూసే కోట లేచింది. పైన రక్షణ గోడలా కనిపించేదంతా అలంకారమే, పెద్ద పెద్ద కిటికీలు. కట్టించిన జిల్ బెర్తలో యోధుడు కాదు, రాజుగారి ఖజానా అధికారి. అక్కడిదే ఇంకో కోట షెనోన్సో, దాన్ని కట్టించిన తోమా బోయే కూడా ఆర్థిక శాఖ మనిషే. చివరికి రెండూ రాజు మొదటి ఫ్రాంస్వా చేతికే వెళ్లాయి. బెర్తలో దేశం విడిచి పారిపోతే ఆయన కోటను జప్తు చేశారు, షెనోన్సో బాకీల కింద పోయింది.

ఇది ఐరోపా అంతటా జరిగిందనుకోకండి. ఇంగ్లండ్‌లో ప్లేగు తర్వాత కూలిరేట్లు పెరగకుండా 1351లో చట్టం తెచ్చారు, 1381లో తలపన్ను మీద రైతులు తిరగబడ్డారు. అణిచేశారు గానీ, తర్వాతి తరాల్లో అక్కడ వెట్టి క్రమంగా కనుమరుగైంది. పోలండ్‌లో సరిగ్గా తలకిందులు. అక్కడ రాజుకంటే ప్రభువులదే పైచేయి. ధాన్యం ఎగుమతిలో లాభం చూసి, రైతు వారానికో రోజు ప్రభువు పొలంలో వెట్టి చేయాలని 1520లో చట్టమే చేయించుకున్నారు. తర్వాత ఆ రోజులు ఇంకా పెరిగాయి.