టెక్ సందేహాలు: మీ మౌస్ చెప్పే 800 నిజంగా 800యేనా?

ప్రశ్న: నమస్తే సార్. మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర. బీటెక్ చదువుతున్నాను. ఈమధ్య కొన్న గేమింగ్ మౌస్ డబ్బా మీద 7200 డీపీఐ అని ఉంది. నేను 800 పెట్టుకుని వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడుతున్నాను. మా ఫ్రెండ్‌దీ 800యే, గేమ్‌లో సెన్సిటివిటీ (మౌస్ కదిపితే గురి ఎంత జరగాలనే సెట్టింగ్) ఇద్దరికీ 0.4. అయినా వాడి మౌస్ పట్టుకుంటే నాకు గురి కుదరడం లేదు. నా 800 నిజమో కాదో తెలుసుకోవడం ఎలా?

జవాబు: గంటస్తంభం దగ్గర మూర పూలు కొంటాం. ఎవరి చేతి మూర అని అడుగుతామా? డీపీఐ కూడా అలాంటిదే తమ్ముడూ. మౌస్‌ని ఒక అంగుళం జరిపితే అది కంప్యూటర్‌కి ఎన్ని చిన్న చిన్న కదలికలుగా చెబుతుందో ఆ లెక్కే డీపీఐ. మంచి మౌస్‌లలోనూ నాలుగైదు శాతం అటూ ఇటూ ఉంటుంది. నీది 830, వాడిది 760 అయితే తేడా దాదాపు తొమ్మిది శాతం. చెయ్యి ఆ తేడాని ఇట్టే పసిగడుతుంది.

కొలవడానికి ఒక స్కేలు చాలు. ముందు విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ టిక్ తీసెయ్. అది ఉంటే మౌస్‌ని జోరుగా లాగినప్పుడు ఒక దూరం, మెల్లగా లాగినప్పుడు ఇంకో దూరం వస్తుంది, కొలతకి అర్థమే ఉండదు. అక్కడే స్పీడ్ స్లైడర్ని సరిగ్గా మధ్యలో, అంటే 11 గీతల్లో ఆరో దాని మీద పెట్టు. డిస్‌ప్లే స్కేలింగ్ (స్క్రీన్ మీద అక్షరాలు, బొమ్మల సైజు పెంచే సెట్టింగ్) 100 శాతం చెయ్. చాలామంది మర్చిపోయేది ఇదే. 125 ఉంటే 1920 పిక్సెళ్ల స్క్రీన్‌ని బ్రౌజర్ 1536గా చూస్తుంది, డీపీఐ కొలిచే ఆన్‌లైన్ టెస్టులు తప్పు చెప్పేది అక్కడే.

ఇక పెయింట్ తెరిచి, కాన్వాస్ వెడల్పు 1900 పెట్టి, జూమ్ 100లో ఉంచు. స్కేలుని టేబుల్‌కి టేపుతో అంటించి, మౌస్ పక్కని దానికి ఆనించు. సెలెక్ట్ టూల్‌తో బటన్ నొక్కిపట్టి సరిగ్గా 5 సెంటీమీటర్లు లాగు. ఎన్ని పిక్సెళ్లో కింద కనిపిస్తుంది. దాన్ని 2.54తో హెచ్చవేసి 5తో భాగించు. నా మౌస్‌కి 1640 వచ్చింది, అంటే 833. మొదటిసారి 1702 వచ్చేసరికి కంగారుపడ్డాను, తీరా చూస్తే మౌస్ కాస్త ఎక్కువ దూరం జరిగింది. అందుకే ఐదుసార్లు కొలిచి సగటు తియ్. ఒక్క మిల్లీమీటరు పొరపాటుకి ఇక్కడ రెండు శాతం తేడా వస్తుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే మౌస్‌టెస్టర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది 10 సెంటీమీటర్లు లాగమంటుంది, విండోస్ సెట్టింగులతో పని లేకుండా మౌస్ పంపే లెక్కని నేరుగా చదువుతుంది.

833 వచ్చిందనుకో, మౌస్‌ని మార్చక్కర్లేదు. గేమ్‌లో సెన్సిటివిటీ 0.4 బదులు 0.384 పెట్టు, సరిగ్గా 800 ఉన్నవాడితో సమానం.

డబ్బా మీది 7200 సంగతంటావా? చవక మౌస్‌లలో చాలావాటికి సెన్సర్ అంత చదవలేదు, చదివినదాన్నే లోపల హెచ్చవేసి చూపిస్తుంది. అంత పెద్ద నంబర్ పెట్టి మౌస్‌ని వీలైనంత మెల్లగా జరుపు. పాయింటర్ ఒక్కో పిక్సెల్ కదలకుండా రెండు మూడు చొప్పున గెంతితే అదే సంగతి. ఎలాగూ 7200 మీద నువ్వు ఆడవు.

ప్రశ్న: శ్రీకాకుళంలో మా ఇంట్లో గాజు టేబుల్ మీద మౌస్ పాయింటర్ వణుకుతోంది. మౌస్ పాడైందా?

జవాబు: పాడవలేదమ్మా. మౌస్ అడుగున ఉండే బుల్లి కెమెరా కింద ఉన్న గరుకుని ఫొటోలు తీసి కదలికని పోలుస్తుంది. గాజు మీద దానికి పట్టు దొరకదు. ఓ న్యూస్‌పేపర్ మడిచి కింద వెయ్యండి.