విరేచనాల సంగతి సరే... ఆ నొప్పి మాత్ర పేరేమిటి?

ప్రశ్న: నా వయసు 38. కిందటేడాది గొంతు నొప్పికి అమోక్సిసిలిన్–క్లావులనేట్ 625 వాడితే రెండో రోజు నుంచి నాలుగైదు విరేచనాలు, కడుపులో తిప్పడం. అప్పట్నుంచి నాకు యాంటీబయాటిక్స్ పడవని చెబుతున్నాను. మూడు నెలల కిందట మోకాలి నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర వేసుకుంటే అరగంటలో పెదవులు, కనురెప్పలు వాచి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. సెట్రిజిన్‌తో సాయంత్రానికి తగ్గాయి. వచ్చే వారం దవడ పన్ను తీయించుకోవాలి. విరేచనాలు కాని యాంటీబయాటిక్ ఏదైనా ఉందా? ముందే సెట్రిజిన్ వేసుకుని వెళ్లవచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

డాక్టర్ సలహా: యాంటీబయాటిక్ గురించి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ మోకాలి నొప్పి మాత్ర. దాని పేరు మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియకపోవచ్చు.

‘మందు పడలేదు’ అనే ఒక్క మాటతో మనం రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తాం. మీకు వచ్చిన విరేచనాలు దుష్ప్రభావం, అంటే సైడ్ ఎఫెక్ట్. 625లో 500 మి.గ్రా. అమోక్సిసిలిన్, 125 మి.గ్రా. క్లావులనేట్ ఉంటాయి. ఈ క్లావులనేట్ పేగుల కదలికను పెంచుతుంది. అన్నం మొదటి ముద్దలతో పాటు వేసుకుంటే బాధ చాలావరకు తగ్గుతుంది. రక్తం పడినా, జ్వరంతో నీళ్ల విరేచనాలైనా మాత్రం ఆగకుండా డాక్టరును కలవాలి. మందు ఆపిన కొన్ని వారాలకు ఇలా జరిగినా అంతే.

దీన్ని అలర్జీ అని డెంటిస్టుకు చెబితే మీకే నష్టం. అమోక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు పక్కన పెట్టి క్లిండమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ రాయవచ్చు. పేగుల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో విరేచనాలు పట్టుకునే ముప్పు దానితో ఇంకా ఎక్కువ. అమెరికాలో పెన్సిలిన్ అలర్జీ ఉందని చెప్పేవాళ్లను పరీక్షిస్తే, 10 మందిలో 9 మందికి అసలు అలర్జీయే ఉండటం లేదు. పైగా మామూలుగా పన్ను తీసినప్పుడు చాలామందికి యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. అది మీ డెంటిస్టు నోరు చూసి చెప్పాలి.

ఇక నొప్పి మాత్ర. అరగంటలో దద్దుర్లు, పెదవుల వాపు వచ్చాయంటే, వేరే కారణం తేలేదాకా దాన్ని మందు అలర్జీగానే చూడాలి. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రసాయనికంగా వేరైనా శరీరంలో చేసే పని ఒకటే. అందుకే ఒకటి పడనివాళ్లలో చాలామందికి మిగతావీ పడవు. పన్ను తీశాక సాధారణంగా రాసేవి సరిగ్గా ఈ మాత్రలే! ‘పారాసిటమాలే కదా’ అనుకుని వేసుకునే కాంబినేషన్ మాత్రల్లో ఐబుప్రొఫెనో ఎసెక్లోఫెనాకో కలిసి ఉంటుంది. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదవండి. ఉత్త పారాసిటమాల్ 500 ఇలాంటివాళ్లలో ఎక్కువమందికి సరిపడుతుంది, అయినా మీ డాక్టరును అడిగాకే వాడండి. ఉబ్బసం, ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ పెరగడం) ఉన్నాయా? మీరు రాయలేదు. ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ, తప్పక చెప్పండి.

ముందే సెట్రిజిన్ వేసుకుని వెళ్లవద్దు. అది దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది కానీ గొంతు వాపును, పడిపోతున్న బీపీని ఆపలేదు. ముందుగా హెచ్చరించే దద్దుర్లు కనిపించకుండా పోతాయి, అంతే. గొంతు పట్టేసినట్టున్నా, మాట బొంగురుపోయినా, పిల్లికూతలు, కళ్లు తిరగడం, ఆగని వాంతులు మొదలైనా 108కి ఫోన్ చేయండి. కాళ్లు ఎత్తులో పెట్టి పడుకోండి. ఆయాసంగా ఉంటే కూర్చోవచ్చు, లేచి నడవకూడదు. అప్పుడు ప్రాణం కాపాడేది అడ్రినలిన్ ఇంజెక్షన్. పెద్దవాళ్లకు 0.5 మి.గ్రా. తొడ బయటి వైపు కండరంలోకి ఇస్తారు. తగ్గినట్టు అనిపించినా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, మళ్లీ తిరగబెట్టవచ్చు.

కోప్పడుతున్నానని అనుకోవద్దమ్మా. స్ట్రిప్పు కత్తిరించి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన మాత్రకు పేరుండదు, బిల్లుండదు. రేపు మీరు స్పృహలో లేకపోతే ఏ మందు ఇవ్వకూడదో డ్యూటీ డాక్టరుకు ఎలా తెలుస్తుంది? ఇవాళే ఆ షాపుకు వెళ్లి ఏ మాత్ర ఇచ్చారో రాయించుకోండి. ‘మళ్లీ వేసి చూద్దాం’ అన్న ప్రయోగం ఇంట్లో వద్దే వద్దు. ఆ పరీక్ష అవసరమైతే ఆసుపత్రిలో, అడ్రినలిన్ దగ్గర పెట్టుకుని, కొద్ది కొద్ది డోసులతో చేస్తారు. మందుల వల్ల ఇలా జరిగితే మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు మీరే తెలియజేయవచ్చు.

డెంటిస్టుకు ‘నాకు అలర్జీ’ అని ఊరుకోకుండా ఒక కాగితం ఇవ్వండి: మందు పేరు, ఎన్ని మి.గ్రా., వేసుకున్న ఎన్ని నిమిషాలకు ఏమొచ్చింది, దేనితో ఎంతసేపట్లో తగ్గింది. వాపు ఫొటో ఫోన్లో ఉంటే చూపించండి. అమోక్సిసిలిన్–క్లావులనేట్‌ను అదే కాగితంలో వేరే వరుసలో ‘విరేచనాలు మాత్రమే, దద్దుర్లు లేవు’ అని రాయండి.