బాయిలర్ ఆగిందా? రీసెట్ నొక్కే ముందు ఒక్క నిమిషం

చలి ముదిరే కొద్దీ నాకొచ్చే ఉత్తరాలన్నీ ఇంటిని వేడిచేసే గ్యాస్ బాయిలర్ మీదే. వచ్చిన వరసలోనే జవాబులివ్వడం నా అలవాటు. ఈసారి మాత్రం ఒక ఉత్తరాన్ని ముందుకు లాగాను. దానికి ఫోన్లోనే జవాబు చెప్పేశాను కానీ, అందరి కంటా పడాలని ఇక్కడా ఇస్తున్నాను.

మాది పాత బాయిలర్. అద్దంలోంచి కనిపించే మంట ఇదివరకు నీలంగా ఉండేది, ఇప్పుడు పసుపుగా ఊగుతోంది. పక్క గోడకి మసి పట్టింది. పొద్దున్నే మా ఇద్దరికీ తలనొప్పి, బయటికెళ్తే తగ్గిపోతోంది. సర్వీసింగ్ వచ్చే నెలకి పెట్టుకోవచ్చా?

వద్దమ్మా, ఇవాళే. బాయిలర్ ఆపి, కిటికీలు తీసి, అందరూ బయటికి రండి. గ్యాస్ సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పసుపు మంట, మసి, ఇంట్లో ఉంటే తలనొప్పి, బయటికెళ్తే హాయి: ఈ మూడూ కలిసాక ఇంకెవరూ చెప్పక్కర్లేదు. డాక్టరు దగ్గరికెళ్ళి ‘బాయిలర్ అనుమానం ఉంది, రక్తపరీక్ష చేయండి’ అని నోరు తెరిచి అడగండి. లేకపోతే జలుబు మందు రాసి పంపేస్తారు. అర్హత ఉన్న గ్యాస్ మెకానిక్ చూసి సరేననేదాకా దాన్ని వెలిగించొద్దు.

చలిగాలి వస్తోందని బాయిలర్ గదిలో గాలి రంధ్రాలకి గుడ్డలు కుక్కేవాళ్ళున్నారు. మీ ఇంట్లో అలాంటిదేమైనా ఉంటే పీకేయండి. కొత్త బాయిలర్లలో మంట కంటికి కనిపించదు కాబట్టి, ఆ ఇళ్ళల్లోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిందే.

రాత్రి నీళ్ళు గడ్డకట్టేంత చలి. తెల్లారేసరికి బాయిలర్ గుడగుడలాడి ఆగిపోయింది. రీసెట్ నొక్కితే కాసేపు తిరిగి మళ్ళీ ఆగుతోంది. కొని రెండేళ్ళు కూడా కాలేదండీ!

బాయిలర్‌ని తిట్టకండి బాబూ, అది తన పని తాను చేసింది. ఇప్పటి కండెన్సింగ్ బాయిలర్లు పొగలో ఉన్న ఆవిరిని చల్లార్చి, ఆ వేడిని కూడా రాబట్టుకుంటాయి. కిలో మీథేన్ కాలితే రెండు కిలోల పైచిలుకు నీరు పుడుతుంది. ఆ నీళ్ళు బయటికి పోవడానికి సన్నటి ప్లాస్టిక్ పైపు ఒకటుంటుంది. దాన్ని కండెన్సేట్ పైపంటారు. అది ఇంటి బయట గోడమీదుగా వెళ్తే, రాత్రి చలికి అందులో మంచు బిగుసుకుంటుంది. నీళ్ళు వెనక్కి తన్నుకొచ్చి, బాయిలర్ తనను తాను ఆపుకుంటుంది. మీరు విన్న గుడగుడ ఆ నీళ్ళదే.

పైపు బయట ఎక్కడ వంపు తిరిగిందో, ఎక్కడ కాలవలోకి దిగిందో చూడండి. గడ్డకట్టేది ఎక్కువగా అక్కడే. గోరువెచ్చటి నీళ్ళు మెల్లగా పోయండి, లేదా వేడినీళ్ళ సంచి చుట్టండి. సలసలా మరిగే నీళ్ళు పోస్తే పైపు పగులుతుంది. కింద కారిన నీళ్ళు మళ్ళీ గడ్డకట్టి, దానిమీద మీరే జారిపడతారు కూడా. పైపు ఎత్తులో ఉంటే నిచ్చెన ఎక్కే సాహసం వద్దు, మెకానిక్‌ని పిలవండి. మంచు కరిగాక అప్పుడు నొక్కండి రీసెట్.

కారణం తెలియకుండా రీసెట్ నొక్కుతూ పోవడమంటే, మొరిగే కుక్క నోరు కట్టేసి దొంగ లేడనుకోవడమే. ఒకసారి నొక్కండి. మళ్ళీ ఆగితే తెరమీద వచ్చిన కోడ్ రాసుకుని, మాన్యువల్ తీయండి. ఆ పుస్తకాన్ని అటక మీద దాచుకునే ఇళ్ళే ఎక్కువ!

చలి తగ్గాక ఆ పైపుకి నీళ్ళు పీల్చని తొడుగు వేయించండి. బయట ఉన్న ముక్క మరీ సన్నగా ఉంటే, లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు దాటిన పైపు పెట్టించండి. ఇంట్లోనే మురుగు పైపులోకి కలపగలిగితే ఇక ఆ గొడవే ఉండదు.

ప్రెషర్ గేజ్ ముల్లు తరచూ సున్నాకి పడిపోతోంది. రోజూ నీళ్ళు నింపడం నా డ్యూటీ అయిపోయింది. ఎక్కడా తడి కనిపించదు.

అమ్మా, మీరు రాయని సంగతొకటుంది: హీటింగ్ వేడెక్కినప్పుడు ముల్లు ఎక్కడికెళ్తోంది? అసలు జవాబు అందులోనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్ కొలత), వేడిలో 2 దాకా ఉంటే పేచీ లేదు. వేడెక్కగానే 3 దాకా ఎగబాకి, చల్లారాక సున్నాకి దిగుతుంటే ఎక్స్‌పాన్షన్ వెసెల్ పాడైనట్టే. పది డిగ్రీల నీళ్ళు డెబ్బైకి చేరితే వంద లీటర్లకి రెండు లీటర్లకు పైగా పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్ళకి చోటివ్వడానికే ఆ డబ్బా. లోపల రబ్బరు పొర, దాని వెనక గాలి. గాలి పోతే చోటు లేదు. 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్ళు బయటికి పారేస్తుంది. గోడ బయటికి వచ్చే రాగి గొట్టం చివర ఓ ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టి, ఒక పూట ఆగి చూడండి. అందులో నీళ్ళుంటే మీ తడి దొరికినట్టే. గాలి నింపడమో, వెసెల్ మార్చడమో మెకానిక్ చూసుకుంటాడు.

వేడిలోనూ ముల్లు పైకి పోకుండా మెల్లగా దిగుతూనే ఉంటే, లీకు పైపుల్లోనో, గదుల్ని వేడిచేసే రేడియేటర్ల వాల్వుల దగ్గరో ఉంటుంది. వేడి పైపు మీద చుక్క చుక్కే ఆరిపోతుంది. అందుకే తడి కనిపించదు, తెల్లటి మరకో పచ్చటి చిలుమో కనిపిస్తుంది. రోజూ నింపడం మాత్రం ఆపండి. కొత్త నీళ్ళతో వచ్చే ఆక్సిజన్ రేడియేటర్లని లోపల్నుంచి తినేస్తుంది. నింపిన ప్రతిసారీ ఫిల్లింగ్ లూప్ (నీళ్ళు నింపే గొట్టం) వాల్వులు రెండూ గట్టిగా కట్టేశారా?

ఒక రేడియేటర్ పైన చల్లగా, ఇంకోటి కింద చల్లగా ఉంటోంది. రెండింటికీ గాలి తీస్తే సరిపోతుందా?

మొదటిదానికి సరిపోతుంది. హీటింగ్ ఆపి, చల్లారాక, పైన మూలనున్న బ్లీడ్ స్క్రూని కొద్దిగా తిప్పండి. బుస్సుమని గాలి పోయి నీళ్ళు చిమ్మగానే బిగించి, ప్రెషర్ సరిచూడండి. ఆ పని చేసేటప్పుడు దగ్గర్లో మంట వద్దు. తుప్పు పట్టే సిస్టంలో వచ్చేది ఒట్టి గాలే కాదు, హైడ్రోజన్ కూడా ఉండొచ్చు.

రెండోదాంట్లో అడుగున బురద పేరుకుంది. ఇనుప తుప్పు, నల్లగా, అయస్కాంతానికి అంటుకుంటుంది. గాలి తీస్తే లాభం లేదు. ఫ్లష్ చేయించి, తుప్పు ఆపే ఇన్హిబిటర్ పోయించి, మ్యాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టించండి. కొత్త బాయిలర్ బిగించేటప్పుడు పైపులు కడగకపోతే, పాత బురదంతా మంట వేడిని నీళ్ళకి అందించే కొత్త హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి చేరుతుంది. ఆ ఖర్చు మిగుల్చుకుందామన్న వాళ్ళని నేనైతే బతిమాలైనా ఒప్పిస్తాను.

హీటింగ్ ఆపినా, కొళాయిలో వేడినీళ్ళు వాడితే రేడియేటర్లు వేడెక్కుతున్నాయి.

వేడిని కొళాయికో రేడియేటర్లకో మళ్ళించే డైవర్టర్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. మెకానిక్ పని, మీరు కెలకొద్దు.

బయటి గొట్టంలోంచి తెల్లటి పొగ గుప్పుగుప్పుమని వస్తోంది, భయంగా ఉంది.

ఆవిరండీ. కండెన్సింగ్ బాయిలర్‌కి చలిలో అది మామూలే. గొట్టం నోటికి మంచు, ఆకులు అడ్డం పడకుండా చూస్తే చాలు.

రెండు వారాలు ఊరెళ్తున్నాం. బాయిలర్ పూర్తిగా ఆపేసి వెళ్ళొచ్చా?

చలి గట్టిగా ఉంటే ఆపొద్దు. బాయిలర్లో ఉండే ఫ్రాస్ట్ ప్రొటెక్షన్ (గడ్డకట్టకుండా చూసే ఏర్పాటు) బాయిలర్‌నే కాస్తుంది, అటక మీద పైపుల్ని కాయదు. థర్మోస్టాట్ 10, 12 డిగ్రీల మధ్య పెట్టి, గదుల తలుపులు తెరిచి ఉంచండి. వెళ్ళేముందు నీళ్ళ మెయిన్ వాల్వ్ కట్టేయండి. హీటింగ్ నీళ్ళు మూసి ఉన్న చుట్టులోనే తిరుగుతాయి కాబట్టి కాంబీ బాయిలర్ (ఇంటి వేడికీ, కొళాయి వేడినీళ్ళకీ ఒకటే) ఆగదు. ఆ వాల్వ్ ఎక్కడుందో, చేత్తో తిరుగుతుందో లేదో మాత్రం టాక్సీ వచ్చి హారన్ కొడుతున్నప్పుడు కాకుండా ఇవాళే చూసుకోండి.