అమెరికా ప్రయాణం, గుంటూరు ఇల్లు

ప్రశ్న: నా వయసు 66, నా భార్యకు 62. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసినందువల్ల పింఛను లేదు. బ్రాడీపేటలో ఉన్న ఇంటి పై వాటా అద్దెతోనే గడుస్తోంది. అమెరికా పౌరసత్వం వచ్చిన మా అబ్బాయి మాకు గ్రీన్‌కార్డు తెప్పిస్తానని, ఈ ఇల్లు అమ్మి ఆ డబ్బు తాను కొనే ఇంటికి సర్దమని అడుగుతున్నాడు. వృద్ధులను అక్కడి ప్రభుత్వమే పోషిస్తుందని తెలిసినవారు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇల్లు అమ్మవద్దని ముందే చెబుతున్నాను. మీరు విన్నది చాలావరకు నిజం కాదు. నిరుపేద వృద్ధులకు అక్కడ ఎస్‌ఎస్‌ఐ అనే నెలసరి సాయం ఉన్న మాట వాస్తవమే, 2025లో అది ఒక్కరికి గరిష్ఠంగా 967 డాలర్లు. కానీ 1996 నాటి చట్టం తరువాత, గ్రీన్‌కార్డుతో వెళ్లినవారికి అక్కడ దాదాపు పదేళ్లు పనిచేసిన లెక్క ఉంటే తప్ప సాధారణంగా అది అందదు, కొడుకు చేసిన ఉద్యోగం తల్లిదండ్రుల లెక్కలోకి రాదు. పౌరసత్వం వస్తే ఆ అడ్డు తొలగుతుంది గాని, దానికి ఐదేళ్ల నివాసం, ఇంగ్లీషు పరీక్ష కావాలి. వయసును బట్టి భాషా మినహాయింపు కోరాలంటే, 55 దాటినవారైనా పదిహేనేళ్లు గ్రీన్‌కార్డుతో అక్కడ ఉండి ఉండాలి.

వైద్యం విషయం ఇంకా బరువైనది. పనిచేసిన లెక్క లేనివారు 65 దాటి, ఐదేళ్లు వరుసగా అక్కడ నివసించాకే వృద్ధులకు అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్‌ను డబ్బు కట్టి కొనుక్కోగలరు. ఆసుపత్రి భాగానికే 2025లో నెలకు ఒక్కొక్కరికి 518 డాలర్ల వరకు కట్టాలి. ఆరు నెలలకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు ఇక్కడి నుంచే పెట్టెలో సర్దుకుని వెళ్లే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. అవి అయిపోవచ్చేసరికి కోడలిని అడగడానికి మొహమాటపడి, రోజు విడిచి రోజు వేసుకునేవారూ ఉన్నారని తెలిస్తే మనసు కలుక్కుమంటుంది. కొడుకు ఇంట్లో లేమి కనిపించకపోవచ్చు, కానీ చేతిలో సొంత డబ్బు లేకపోవడం కూడా పేదరికమే.

మిమ్మల్ని పిలిపించేటప్పుడు మీ అబ్బాయి మీ పోషణకు హామీపత్రం రాస్తాడు, దానికి చట్టబలం ఉంది. అయితే కన్నకొడుకును కోర్టుకు ఈడ్చే తల్లిదండ్రులు మన ఇళ్లలో ఎందరు? పైగా అతని ఉద్యోగం పోతే ఆ పత్రం మాత్రం ఏం చేయగలదు?

అందుచేత ఇల్లు మీ పేరనే ఉంచండి, అద్దె మీ ఖాతాలోనే పడనివ్వండి. మీరు ప్రవాసులయ్యాక ఆ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే బ్యాంకు ఖాతాగా మార్పించుకోవాలి. ఈ ఇల్లు ఉంటే రేపు పౌరసత్వం వచ్చాక కూడా ఎస్‌ఎస్‌ఐకి అడ్డు కావచ్చు, అయినా ఇంటినే ఎంచుకోమంటాను. అబ్బాయి నొచ్చుకోకుండా, కోడలు కూడా ఉన్నప్పుడే, మా మందులకు, బీమాకు, రాకపోకలకు నెలకు ఎంత పక్కన పెట్టగలరని నేరుగా అడగండి. గ్రీన్‌కార్డు దరఖాస్తు వేయకముందే సందర్శక వీసాపై వెళ్లి ఒక చలికాలం అక్కడ ఉండి చూడండి. ఎప్పుడైనా ఇల్లు అతనికి దానంగా రాయవలసి వస్తే, మీ పోషణ షరతును దస్తావేజులోనే రాయించండి. షరతు తప్పితే 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను కింద ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. అమ్మి పంపేసిన డబ్బుకు ఆపాటి రక్షణ దొరకడం కష్టం.