బిల్ విథర్స్ 1985 తర్వాత ఆల్బమ్ ఎందుకు చేయలేదు?

‘ఎయింట్ నో సన్‌షైన్’, ‘లీన్ ఆన్ మీ’ లాంటి పాటలు రాసి పాడిన నల్లజాతి అమెరికన్ గాయకుడు బిల్ విథర్స్, అంత పేరొచ్చాక ఎందుకు మానేశాడు, చివరికి ఫెయిలయ్యాడనే అనుకోవాలా అని అడిగారు. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. ఈ ప్రశ్నకి జవాబివ్వడానికి నాకున్న అర్హత ఒక్కటే, ఆయనలాగే నాకూ నత్తి. అక్కడినుంచే మొదలుపెడతాను, కాస్త పక్కదారి పట్టినా ఓపిక పట్టండి.

డిగ్రీ రోజుల్లో నేను కోఠీలో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాలి. ‘ద’ నా నోట్లోంచి వచ్చేది కాదు. కండక్టర్ చెయ్యి చాపి నిలబడేవాడు, పక్కవాళ్లు నా మొహంలోకి చూసేవాళ్లు, దవడ బిగుసుకుపోయేది. అందుకని ఎల్బీనగర్‌కి టికెట్ తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిపోయేవాణ్ణి. ‘ఎ’ తేలిగ్గా పలుకుతుంది కదా. ఆ ఒక్క అక్షరం కోసం రోజూ నాలుగు రూపాయలు ఎక్కువిచ్చానంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఆ రోజుల్లోనే మా రూమ్మేట్ ఇంగ్లీషు మెరుగవుతుందని కంప్యూటర్‌లో ఏదో సినిమా పెట్టుకుని చూస్తుంటే, వెనకాల ‘ఎయింట్ నో సన్‌షైన్’ వినిపించింది. మధ్యలో గిటారు దాదాపు తప్పుకుంటుంది, గొంతు మాత్రం ‘ఐ నో, ఐ నో’ అంటూ ఉంటుంది. ఆగదు. నాకు ఒళ్లు జలదరించింది. ‘అయ్యో, ఇరుక్కుపోయాడు’ అనుకున్నాను! మామూలువాళ్లకి అక్కడ విరహం వినపడుతుందేమో, నాకు మాత్రం బస్సులో నేనే కనపడ్డాను.

తర్వాత వెతికితే తెలిసింది, విథర్స్‌కి నిజంగానే 28 ఏళ్లు వచ్చేదాకా నత్తి ఉండేదని. అయితే ఆ ‘ఐ నో’లకీ నత్తికీ సంబంధమేమీ లేదు. ఆ చోట ఇంకో చరణం రాయాలనుకుని, అప్పటికి మాటలు కుదరక అలా పాడుతూ పోయాడు. రికార్డింగ్‌లో ఉన్న సంగీతకారులు ‘అలాగే ఉంచెయ్, బాగుంది’ అన్నారు. నిర్మాత బుకర్ టి. జోన్స్ అప్పటికే పెద్ద పేరున్నవాడు. విథర్స్ ఏమో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్తవాడు. సరేనని ఊరుకున్నాడు. మొత్తం 26 సార్లు ‘ఐ నో’ అంటాడు.

ఆ ఫ్యాక్టరీ సంగతి తెలిస్తే తప్ప మీ ప్రశ్నకి జవాబు అర్థం కాదు. విథర్స్ 1938లో వెస్ట్ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో చివరివాడు. పదమూడేళ్లకే తండ్రి పోయాడు. పదిహేడేళ్లకి నేవీలో చేరి తొమ్మిదేళ్లు పనిచేశాడు. 1967లో లాస్ ఏంజిలెస్ వచ్చి, విమానాల సామాను తయారుచేసే ఫ్యాక్టరీలో కుదిరాడు. బోయింగ్ 747లకి టాయిలెట్లు బిగించడం ఆయన పని. జీతంలో మిగిల్చిన డబ్బుతో డెమోలు, అంటే నమూనా పాటలు, రికార్డు చేయించుకుని రికార్డు కంపెనీల చుట్టూ తిరిగాడు. మొదటి ఆల్బమ్ ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ 1971లో వచ్చేసరికి ముప్పై రెండేళ్లు దాటాయి. దాని అట్ట మీద ఫొటో చూడండి, ఇటుక గోడ పక్కన చేతిలో క్యారేజీతో నిలబడి ఉంటాడు. అది వేషం కాదు, భోజనాల వేళ ఆ ఫ్యాక్టరీలోనే తీసిన ఫొటో. పాటల వ్యాపారాన్ని నమ్మలేక అప్పటికింకా ఉద్యోగం వదల్లేదు.

‘ఎయింట్ నో సన్‌షైన్’ని అసలు ‘హార్లెమ్’ అనే పాట వెనకవైపు వేశారు. రేడియోవాళ్లు రికార్డు తిప్పి రెండోవైపు వాయించారు, అదే హిట్టయింది, అమెరికాలో సంగీతానికిచ్చే గ్రామీ అవార్డు తెచ్చింది. రికార్డు కంపెనీ ఆయనకి బంగారు రంగు టాయిలెట్ సీటు బహుమతిగా ఇచ్చింది. వాళ్లకి సరదాగానే ఉండి ఉంటుంది. నాకైతే అందులో చిన్న ఎకసెక్కెం కనిపిస్తుంది, నా అనుమానమే కావచ్చు.

1972లో ‘లీన్ ఆన్ మీ’ అమెరికాలో నంబర్ వన్. పియానో మీద వేళ్లు పక్కపక్క మెట్ల మీదే ఎక్కి దిగుతాయి, వారం రోజులు నేర్చుకున్న పిల్లలు కూడా వాయించగలరు. మాటలూ అంతే, ఒకరికొకరు ఆసరాగా బతికే స్లాబ్ ఫోర్క్ మనుషుల మాటలు.

ఇక అసలు సంగతి. మొదటి కంపెనీతో డబ్బుల గొడవలొచ్చాయి, 1975లో అది మూతపడింది. విథర్స్ కొలంబియా అనే ఇంకో రికార్డు కంపెనీకి మారాడు. 1977లో ‘లవ్లీ డే’ వచ్చింది, చివర్లో ఒకే స్వరాన్ని 18 సెకన్లు పట్టుకుంటాడు. 1978లో ఇంకో ఆల్బమ్. ఆ తర్వాత ఏడేళ్లు ఏమీ లేదు. ఏ పాట తీసుకెళ్లినా కొలంబియావాళ్లు ఇది నడవదు, ఇలా మార్చు, అలా మార్చు అనేవాళ్లు. ఒకాయన తెల్ల గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాట పాడమని సలహా కూడా ఇచ్చాడు. నల్లవాళ్ల సంగీతం గురించి తనకే పాఠాలు చెప్పే ఆ తెల్ల నిపుణులకి విథర్స్ ‘బ్లాక్’, ‘ఎక్స్‌పర్ట్స్’ కలిపి ‘బ్లాక్స్‌పర్ట్స్’ అని పేరు పెట్టాడు. విచిత్రం ఏమిటంటే, ఆ ఏడేళ్ల మధ్యలోనే 1981లో, శాక్సఫోన్ వాయించే గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ఆల్బమ్‌లో పాడిన ‘జస్ట్ ద టూ ఆఫ్ అజ్’ రెండో స్థానం దాకా వెళ్లి ఇంకో గ్రామీ తెచ్చింది. అది వేరే కంపెనీ ఆల్బమ్. 1985లో కొలంబియాకి చివరి ఆల్బమ్ ఇచ్చేసి లేచి వెళ్లిపోయాడు.

నా మొదటి ఉద్యోగంలో కాల్ ఉందంటే నన్ను పక్కన కూర్చోబెట్టేవాళ్లు. ‘నువ్వు పాయింట్లు రాసివ్వు, మాట్లాడటం వేరేవాళ్లు చూసుకుంటారు.’ పద్నాలుగు నెలలు రాసిచ్చాను. నా పాయింట్లు నా కళ్లముందే ఇంకొకరి నోట్లోంచి తప్పుగా వస్తుంటే వినడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఇంకో ఉద్యోగం చూసుకుని మానేసిన రోజున మా ఇంట్లోవాళ్లూ మీలాగే ‘తట్టుకోలేకపోయాడు’ అన్నారు.

అందుకే విథర్స్‌ది ఓటమి అంటే నేనొప్పుకోను. పాటల హక్కుల మీద రాబడి ఉంది, ఆ లెక్కలు భార్య చూసుకునేది. 1987లో వేరే బృందం ‘లీన్ ఆన్ మీ’ పాడితే అదీ నంబర్ వన్ అయింది, రాసినవాడిగా ఆయనకి మూడో గ్రామీ వచ్చింది. 2015లో, గొప్ప సంగీతకారుల్ని గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి గాయకుడు స్టీవీ వండర్ చేతుల మీదుగా ఆయన్ని తీసుకున్నప్పుడు కూడా మళ్లీ పాడటం మొదలుపెట్టలేదు. 2020 మార్చి 30న, 81 ఏళ్ల వయసులో పోయాడు.

ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు కదా. ‘లైవ్ ఎట్ కార్నెగీ హాల్’ అనే కచేరీ ఆల్బమ్ వినండి, 1972లో రికార్డు చేసింది. ‘గ్రాండ్‌మాస్ హ్యాండ్స్’ పాడబోయే ముందు నానమ్మ, అమ్మమ్మల గురించి చెప్పుకునే మనలాగే, ఆయన తన ముసలమ్మ గురించి, ఆవిడ వెంట చర్చికి వెళ్లిన రోజుల గురించి తాపీగా, నవ్విస్తూ కబుర్లు చెబుతాడు. పాట ఇంకా రాలేదేమిటని ముందుకి జరిపేయకండి. నేను ఆ మాటల కోసమే పెట్టుకుంటాను.