పదిహేనేళ్లకే తేలిపోయేది కాదు గోలీ భవిష్యత్తు

ప్రశ్న: మేము కెనడాలోని మిస్సిసాగాలో ఉంటున్నాం. మా బాబుకు 14 ఏళ్లు. ఐస్ హాకీలో గోలీ, అంటే గోల్‌కీపర్. పిల్లల హాకీలో పై శ్రేణి అయిన ట్రిపుల్ ఏ జట్టుకు ఆడుతున్నాడు. వచ్చే ఏడాది అంటారియో హాకీ లీగ్ అనే పెద్ద జూనియర్ లీగు డ్రాఫ్టు (జట్లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం) వయసుకు వస్తాడు. ఇప్పుడే బడి మాన్పించి, ఏడాదికి 40 వేల డాలర్లు తీసుకునే హాకీ అకాడమీలో చేర్చి, చదువు ఆన్‌లైన్‌లో కానివ్వమని కోచ్ అంటున్నారు. మావారికి ఇష్టమే. కానీ మ్యాచ్‌లో మూడు గోల్స్ పడితే చాలు, ఇంటికి వచ్చేదాకా కారులో ఆయన వాడికి క్లాసే. అంటారియో లీగ్ మేలా, అమెరికా కాలేజీ హాకీ మేలా? ఇప్పుడు వెనకాడితే రేపు వాడు మమ్మల్ని తప్పుపడతాడేమోనని నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఏది మేలు అన్న మాట మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే. మిగిలినదంతా ‘ఇప్పుడు తప్పితే ఇక దొరకదు’ అన్న భయం. టెన్నిస్ పిల్లల తల్లులూ, క్రికెట్ పిల్లల తండ్రులూ ఇదే భయంతో రాస్తుంటారు. కొన్ని ఆటల్లో అందులో కొంత నిజముంది. గోలీ విషయంలో మాత్రం చాలావరకు లేదు. గోలీలు ఆలస్యంగా పండుతారు.

కానర్ హెలెబక్‌ను చూడండి. మిషిగన్ కుర్రాడు. పెద్ద జూనియర్ లీగుల కంట పడలేదు. టెక్సాస్‌లోని ఒడెస్సా అనే ఊరికి వెళ్లి రెండో శ్రేణి జూనియర్ లీగులో ఆడాడు. 2012లో ఉత్తర అమెరికా అగ్రశ్రేణి వృత్తి లీగు ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టులో విన్నిపెగ్ జెట్స్ అతన్ని ఐదో రౌండులో, 130వ స్థానంలో తీసుకుంది. తర్వాత రెండేళ్లు మసాచుసెట్స్ లోవెల్ విశ్వవిద్యాలయానికి ఆడాడు. 2025లో ఎన్‌హెచ్‌ఎల్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. సెర్గీ బొబ్రోవ్‌స్కీని ఆ డ్రాఫ్టులో ఏ జట్టూ కోరలేదు. 2024లో, మళ్లీ 2025లో ఫ్లోరిడాకు స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్, తెచ్చిన గోలీ అతనే. న్యూయార్క్ రేంజర్స్ గోలీగా పేరు తెచ్చుకున్న హెన్రిక్ లుండ్‌క్విస్ట్‌ను 205వ స్థానందాకా ఎవరూ పిలవలేదు. కాబట్టి వచ్చే ఏడాది డ్రాఫ్టులో మీవాడి పేరు వినిపించకపోతే అది ఒక ఏడాది మాట మాత్రమే, జీవితం మాట కాదు.

ఇక ఆ అకాడమీ. ఈ పద్ధతిపై నాకున్న అనుమానాలు మీకు దాచను. ఇరుగుపొరుగు పిల్లలు చేరుతున్నారని మనవాళ్లూ చేరుస్తున్నారు. 14 ఏళ్ల పిల్లవాడు పొద్దున మంచు మీద, మధ్యాహ్నం జిమ్‌లో, సాయంత్రం మళ్లీ మంచు మీద ఉంటే చదువు రాత్రి మిగిలిన ఓపికకు వస్తుంది. గోలీకి దీనికి తోడు తుంటి బాధ ఉంది. షాట్ వచ్చినప్పుడు మీవాడు ఎలా కిందికి దిగుతాడో ఒకసారి గమనించండి. మోకాళ్లు రెండూ లోపలికి వాలి మంచును తాకుతాయి, పాదాలు రెండు పక్కలకు విచ్చుకుంటాయి, తొడ ఎముక తుంటి గిన్నెలో లోపలికి తిరుగుతుంది. దీన్నే బటర్‌ఫ్లై అంటారు. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసులో ఏడాది పొడవునా వేల సార్లు ఇలా దిగితే తుంటి ఎముక ఆకారం మారి కీలు ఒరుసుకునే ప్రమాదం ఉందని క్రీడా వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. వేసవిలో నెలల తరబడి ప్యాడ్లు అటకెక్కించి ఫుట్‌బాలో, ఈతో ఆడుకోవడం ఆ వయసులో విశ్రాంతి, వైద్యం కూడా. 40 వేలు కట్టిన తండ్రి దానికి ఒప్పుకుంటారా? ఆలోచించండి.

అంకెలూ చూడండి. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు. మ్యాచ్‌కు ఇద్దరు గోలీలు సిద్ధమవుతారు, నెట్ ముందు నిలబడేది ఒక్కడే. ముందు వరుసలో దాడి చేసే ఫార్వర్డులకైతే జట్టుకు పన్నెండు చోట్లు. పైన ఆడేవారికి కనీస వేతనమే ఏడాదికి 7 లక్షల డాలర్ల పైమాట. రెండు మెట్లు దిగి ఈసీహెచ్‌ఎల్ అనే చిన్న వృత్తి లీగుకు వస్తే జీతం వారానికి కొన్ని వందల డాలర్లు, అదీ సీజన్ నడిచినన్నాళ్లు. చాలామంది వృత్తి గోలీలు బతికేది ఈ రెండింటి మధ్యనే. ఇది తెలిసి కూడా ఆడాలనుకుంటే నేను వద్దనను.

మీరడిగిన పోలికకు ఇదివరకు పెద్ద చిక్కుండేది. అంటారియో లీగులో ఆడితే అమెరికా కాలేజీ హాకీకి దారి మూసుకునేది. 2025 ఆగస్టు 1 నుంచి ఆ నిషేధం లేదు. ముందు జూనియర్ ఆడి, 19, 20 ఏళ్లకు కాలేజీకి వెళ్లవచ్చు. జూనియర్ లీగు ఒప్పందంలోనే ఆడిన సీజన్లను బట్టి కాలేజీ ఫీజు సాయం రాసి ఉంటుంది. ఏ షరతుల మీద అది రద్దవుతుందో చూసుకోవాలి. ఏ దారిలో వెళ్లినా మార్కులు కావాలి. బడి మాన్పించే పని రెండు దారులకూ చేటే.

చదువూ ఈ ఆటా పొసగవనుకునేవారికి కెన్ డ్రైడెన్ పేరు చెబుతాను. కార్నెల్‌లో డిగ్రీ, మాంట్రియల్ గోలీగా ఆడుతూనే మెక్‌గిల్‌లో న్యాయశాస్త్రం. ఆరు స్టాన్లీ కప్పులు గెలిచి 31 ఏళ్లకే ఆట విరమించాడు. తర్వాత కెనడా కేంద్ర మంత్రి అయ్యాడు.

ఈ మాట మీవారికి చదివి వినిపించండి. 30 షాట్లు వచ్చి మూడు గోల్స్ పడ్డాయంటే మీవాడు 27 ఆపాడు. వందకు తొంభై. ఎన్‌హెచ్‌ఎల్ గోలీల సగటు కూడా ఇంచుమించు అంతే. తొంభై మార్కులు తెస్తే ఆ పది ఏమయ్యాయని నిలదీసే అలవాటును మన ఇళ్ల నుంచి రింకు దాకా మోసుకొచ్చారు. గోల్ పడగానే గోలీ నెట్ మీద ఉన్న సీసా తీసుకుని గుక్కెడు నీళ్లు తాగుతాడు. ఆ కొన్ని క్షణాల్లో జరిగినది వదిలేసి తర్వాతి షాట్‌కు సిద్ధం కావాలి. వృత్తిలో నిలబడే గోలీకి కావలసిన మొదటి గుణం అదే. కారులో ఆయన రోజూ దాన్నే చెరుపుతున్నారు. అయ్యా, దయచేసి మానండి. తప్పులు చెప్పడానికి కోచ్ ఉన్నారు, మీరు భోజనం పెట్టించండి చాలు.

మీమీదా నాకొక ఫిర్యాదు ఉందమ్మా. ఉత్తరంలో కోచ్ మాట ఉంది, మీవారి మాట ఉంది, మీ భయం ఉంది. బాబు ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. రేపు తప్పుపడతాడేమోనని బెంగపడే బదులు ఇవాళే అడగండి, వాళ్ల నాన్నగారు పక్కన లేనప్పుడు. ఈ ఏడాది బడిలోనే ఉంచండి. క్రీడా వైద్యుడితో తుంటి పరీక్ష చేయించండి. వచ్చే ఏడాది ఏదైనా జట్టు పిలిస్తే ఒప్పంద పత్రం సంతకానికి ముందు నాకు పంపండి, ఫీజు షరతులు కలిసి చదువుదాం.