నాటుకోడి పులుసు పక్కన వైట్ వైనా?

ప్రశ్న: అన్నా, మా మరిది న్యూజిలాండ్ నుంచి వస్తూ సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్ తెచ్చాడు. ఆదివారం ఇంట్లో భోజనాలు. రాగి సంగటి, నాటుకోడి పులుసు చేసి పక్కన ఇది పెడదామంటున్నారు మా ఆయన. కుదురుతుందా? సోమవారం పొద్దున్నే అందరం కొండకు వెళ్తున్నాం.
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ ఆయన మాట వినొద్దమ్మా. కారం మీద ఆల్కహాల్ పడితే మంట ఇంకా ఎక్కుతుంది. చల్లగా ఉంది కదా అని గుక్కలు వేసేకొద్దీ నోరు భగ్గుమంటుందే గానీ ఊరట ఉండదు. ఇంకో చిక్కు పులుపుది. ద్రాక్షలో ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం, చింతపండులో ఉండేదీ అదే. తినేది వైన్ కంటే పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. చిక్కటి పులుసు ముందు మీ మరిది తెచ్చిన సీసా నీళ్ల చారే! బెంగళూరు హోటల్లో పనిచేసే రోజుల్లో మనవాళ్లు గోంగూర మటన్‌కి ఏ వైన్ బాగుంటుందని అడిగేవారు. మజ్జిగ అని చెప్పేవాణ్ని.

అందుకని సీసాను భోజనానికి ముందే తీయండి. వంజరం ముక్కలకు ఉప్పు, పసుపు, మిరియాల పొడి, కొంచెం అల్లంవెల్లుల్లి పట్టించి, బియ్యప్పిండి పలచగా అద్ది పెనం మీద వేయించండి. ఎర్రకారం జోలికి పోవద్దు. దించాక నిమ్మకాయ పిండండి. చేప మీద నిమ్మరసం చేసే పనే ఈ వైన్ పులుపూ చేస్తుంది, నూనె జిడ్డును నాలుక మీద నుంచి కడిగేస్తుంది. రొయ్యలైనా ఇంతే.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి క్యాప్సికమ్ కోసినట్టు వాసన వస్తుంది. అది ఊహ కాదు, పైరజీన్లు అనే ఒకే రకం పదార్థాలు రెండింటిలోనూ ఉన్నాయి. కాబట్టి కొత్తిమీర, పుదీనా దండిగా వేసి, పచ్చిమిర్చి తగ్గించిన గ్రీన్ చికెన్ దీనికి బాగా కలుస్తుంది. శాకాహారులుంటే అదే ముద్ద పనీర్‌కి పట్టించి కాల్చండి. ఫ్రాన్స్‌లో లువార్ నది ప్రాంతం వాళ్లు ఇదే ద్రాక్షతో చేసే సాన్సేర్ వైన్‌ను మేకపాల చీజ్‌తో తీసుకుంటారు. మనకది చిత్తూరులో ఎక్కడ దొరుకుతుంది! ఉడకబెట్టిన చెనిక్కాయల్లో ఉల్లిపాయ, కొత్తిమీర, కాస్త పచ్చిమామిడి తురుము కలిపి పెట్టండి, నాకైతే అదే ఎక్కువ ఇష్టం.

సీసాను ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టండి. 8 నుంచి 10 డిగ్రీల చల్లదనం చాలు. మరిచిపోతే బకెట్లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడదాకా ముంచితే ఇరవై నిమిషాల్లో దారికొస్తుంది. గ్లాసులో మాత్రం ఐసు వేయొద్దు. ఓపెనర్ కోసం ఊరంతా తిరగొద్దు, న్యూజిలాండ్ సీసాలు చాలావరకు మూత తిప్పి తీసేవే. ఇందులో ఆల్కహాల్ 12, 13 శాతం దాకా ఉంటుంది, బీరులా గ్లాసు నిండా పోయకండి.

సంగటి, నాటుకోడి ఆ తర్వాత వడ్డించండి, పక్కన మంచినీళ్లు చాలు. వైన్ మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. సోమవారం బయలుదేరే ముందు కారు డిక్కీ ఒకసారి చూసుకోండి. కొండ మీద మద్యం నిషేధం, అలిపిరిలో తనిఖీ ఉంటుంది.